తెల్ల ఈక

స్కాట్లండు దేశానికి రాజధాని ఎడింబరో. ఆ నగరానికి పడమటి వైపున గోర్గీ అనే పేట ఉంది. కర్మాగారాల్లో పనిచేసేవారు, చిన్నచిన్న ఉద్యోగాలవారు ఎక్కువగా కాపురముండిన పేట అది. ఆ పేటలోనే టైన్‌కాసిల్ అనే ఫుట్‌బాల్ మైదానం ఉంది. నూరేళ్ల కిందట వారమంతా యంత్రాల మధ్య పనిచేసినవారు శనివారం ఒంటిపూట పని ముగించుకొని ఆ మైదానానికి వచ్చేవారు. కూర్చొనే చోటు కొద్దిమందికే దొరికేది. మిగిలినవారంతా నిలబడి చూడవలసిందే. వానైనా, మంచైనా వారు రావడం మానేవారు కారు.

ఆ మైదానం హార్ట్ ఆఫ్ మిడ్లోథియన్ అనే జట్టుది. మిడ్లోథియన్ అంటే ఎడింబరో చుట్టూ ఉన్న జిల్లా. 'మిడ్లోథియన్ గుండె' అని ఆ పేరుకు అర్థం. వింతేమిటంటే, మొదట ఆ పేరు నగరంలోని ఒక పాత చెరసాలకు ఉండేది. సర్ వాల్టర్ స్కాట్ 1818లో వెలువరించిన నవలకు అదే పేరు పెట్టడంతో అది అందరికీ తెలిసింది. 1874లో పుట్టిన ఫుట్‌బాల్ జట్టుకు కూడా ఆ పేరే వచ్చింది. జనం దానిని క్లుప్తంగా 'హార్ట్స్' అంటారు.

1913లో ఆ జట్టులోకి హారీ వాటీ అనే యువకుడు వచ్చాడు. అతడు ముందువరుస ఆటగాడు. అప్పటికి ఎన్నో ఏళ్లుగా హార్ట్స్ అభిమానులకు బాబీ వాకర్ అనే మేటి ఆటగాడంటే ప్రాణం. వాకర్ జట్టును విడిచిన తరువాత ఆ చోటును నింపగలవాడు ఎవరా అని ఎదురుచూస్తున్న జనానికి వాటీ కనిపించాడు. జట్టులో తక్కినవారు కూడా చాలావరకు యువకులే. టామ్ గ్రేసీ గోళ్లు కొట్టడంలో దిట్ట. డంకన్ కరీ వెనుక వరుసలో గోడలా నిలిచేవాడు. పాట్ క్రాసన్ పరుగులో చురుకైనవాడు. ఎర్నెస్ట్ ఎల్లిస్ ఇంగ్లండులోని నారిచ్ పట్టణం నుండి వచ్చినవాడు. జేమ్స్ స్పీడీ ఒక బీమా కంపెనీలో గుమాస్తా. అతడు జీతం తీసుకోకుండా సరదా కోసం ఆడేవాడు.

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించింది. మొదటి ప్రపంచ యుద్ధంగా మనం చదువుకొనే యుద్ధం ఇదే. దాని సెగ భారతదేశానికి కూడా తగిలింది. ఆ ఏడాది సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను నౌక మద్రాసు తీరానికి వచ్చి గుండ్లు కురిపించింది. రేవు దగ్గరి నూనె తొట్లు తగలబడ్డాయి. భయపడి ఊరు విడిచి పోయినవారు ఎందరో. ఎమ్డెన్ పేరు దక్షిణాదిన పెద్దల నోట చాలాకాలం నిలిచిపోయింది.

అక్కడ స్కాట్లండులో యుద్ధం మొదలైన పదకొండో రోజున, ఆగస్టు 15న, ఫుట్‌బాల్ లీగు పోటీలు మొదలయ్యాయి. లీగులో ఇరవై జట్లు ఉండేవి. ప్రతి జట్టు తక్కిన ప్రతి జట్టుతోను రెండేసి సార్లు, మొత్తం 38 ఆటలు ఆడాలి. గెలిస్తే రెండు పాయింట్లు, సమానమైతే ఒక పాయింటు. మొదటి రోజునే హార్ట్స్ జట్టు అంతకు ముందు సంవత్సరపు విజేత అయిన గ్లాస్గో నగరపు సెల్టిక్ జట్టును టైన్‌కాసిల్‌లో 2-0తో ఓడించింది. అక్కడి నుండి వరుసగా ఎనిమిది ఆటలు గెలిచింది. 1897 తరువాత లీగు విజయం ఎరుగని ఆ జట్టుకు ఈసారి కప్పు తప్పదని ఎడింబరో అంతా నమ్మింది.

కాని ఫ్రాన్సు నుండి, బెల్జియం నుండి వచ్చే వార్తలు వేరుగా ఉన్నాయి. యుద్ధం కొద్ది నెలల్లో ముగుస్తుందనుకొన్నవారి అంచనాలు తలకిందులయ్యాయి. చనిపోయినవారి పేర్ల పట్టికలు పత్రికల్లో రోజురోజుకూ పొడుగవుతున్నాయి. అప్పట్లో బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ లేదు. 1916 వరకు సైన్యంలో చేరడం ఎవరి ఇష్టం వారిది. అందువల్ల యువకులను చేరమని గోడమీది కాగితాలు, సభలు, పాటలు పిలిచేవి. పిలుపుకు లొంగనివారిని ఎగతాళి లొంగదీసేది.

ఎగతాళికి ఒక గుర్తు తెల్ల ఈక. సైనిక దుస్తులు లేకుండా వీధిలో కనిపించిన యువకుడి చేతిలో స్త్రీలు ఒక తెల్ల ఈక పెట్టేవారు. 'నీవు పిరికివాడివి' అని దాని అర్థం. ఈ గుర్తు కోడిపందేల నుండి వచ్చింది. తోకలో తెల్ల ఈక ఉన్న పుంజు మేలిజాతిది కాదని, పోరులో వెన్ను చూపుతుందని ఆ దేశపు పందెగాళ్ల నమ్మకం. కోడి రంగును బట్టి, ఈకలను బట్టి గెలుపోటములు చెప్పడం మన పల్లెల్లోనూ ఉన్నదే. అక్కడ ఆ నమ్మకం పుంజుల నుండి మనుషుల మీదికి పాకింది.

ఆ ఎగతాళి ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద మరీ ఎక్కువగా పడింది. కండలు తిరిగిన యువకులు కందకాల్లో ఉండక బంతి వెంట పరుగెత్తుతున్నారని, వేలమంది యువకులు వారిని చూస్తూ కాలం గడుపుతున్నారని పత్రికల్లో ఉత్తరాలు వచ్చేవి. సంపన్నుల బిడ్డలు ఆడే రగ్బీ ఆట ఆగిపోయిందని, ఫుట్‌బాల్ మాత్రం ఎందుకు సాగాలని కొందరు అడిగారు. ఈ ప్రశ్న అడిగినవారు ఒక సంగతి గమనించలేదు. రగ్బీ ఆడేవారికి అది తీరిక వేళ వినోదం. ఫుట్‌బాల్ ఆటగాడికి అది కూడు పెట్టే పని. ఆట ఆగితే అతని ఇంట పొయ్యి ఆగుతుంది. అతడు జట్టుకు ఒప్పందం రాసి ఇచ్చినవాడు కూడా. అయినా కోపంగా ఉన్నవారికి ఇవన్నీ వినే ఓపిక ఎక్కడిది?

1914 నవంబరులో ఎడింబరో పత్రికలో ఒక ఉత్తరం అచ్చయింది. రాసినామె తన పేరు చెప్పలేదు. 'ఒక సైనికుడి కూతురు' అని మాత్రం సంతకం చేసింది. హార్ట్స్ జట్టు తన పేరు మార్చుకొని 'మిడ్లోథియన్ తెల్ల ఈకలు' అని పెట్టుకొంటే బాగుంటుందని ఆమె సూచన. ఆ మాట ఊరంతా పాకింది. లీగులో అందరికంటె పైన ఉన్న జట్టు కనుక అందరి కళ్లూ దానిమీదే ఉన్నాయి. ఆ ఉత్తరం రాసినామె తండ్రి ప్రాణం ఏ క్షణాన పోతుందోనని బెంగపడుతూ ఉండవచ్చు. ఆమె బాధ నిజమే కావచ్చు. అయితే ఆమె వేలు చూపినవారిలో స్పీడీ ఆ నెలలోనే సైన్యంలో చేరాడు. మాజీ సైనికులైన మరి ఇద్దరు ఆటగాళ్లను యుద్ధం మొదలవగానే సైన్యం తిరిగి పిలిపించుకొంది. ఆ ఉత్తరం అచ్చైన పత్రిక చదివినవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

అదే సమయంలో సర్ జార్జ్ మక్రే అనే పెద్దమనిషి ఒక కొత్త బెటాలియన్ లేవదీయడానికి పూనుకొన్నాడు. ఆయన పేదరికం నుండి పైకి వచ్చిన బట్టల వ్యాపారి. పార్లమెంటులో సభ్యుడుగా పనిచేసినవాడు. అప్పటికి ఆయన వయస్సు 54 ఏళ్లు. చేరినవారిని పంపి తాను ఇంట్లో కూర్చోనని, వారితోపాటు తానూ యుద్ధభూమికి వస్తానని ఆయన అందరి ముందు ప్రకటించాడు. ఆ మాట నిలబెట్టుకొన్నాడు కూడా.

నవంబరు 25న హార్ట్స్ ఆటగాళ్లు పదకొండుమంది ఒక్కసారిగా మక్రే బెటాలియన్‌లో పేర్లు రాయించుకొన్నారు. ఫుట్‌బాల్ జట్టులో ఆడేది పదకొండుమంది. అంటే ఒక పూర్తి జట్టు సైన్యంలో చేరిందన్నమాట. వాటీ, కరీ, గ్రేసీ, ఎల్లిస్ అందులో ఉన్నారు. మరికొన్ని రోజుల్లో క్రాసన్, జేమ్స్ బాయిడ్ కూడా చేరారు. చివరికి ఆ జట్టు నుండి యుద్ధానికి వెళ్లినవారు పదహారుమంది.

వారు చేరారని తెలియగానే అభిమానులు కదిలారు. ప్రతి శనివారం గోలు చుట్టూ నిలబడి అరిచినవారు వందల సంఖ్యలో చేరారు. ఎడింబరోలోనే హార్ట్స్‌కు ప్రత్యర్థి అయిన హిబ్స్ జట్టు అభిమానులు, ఫాల్కర్క్, రెయిత్ రోవర్స్ వంటి ఇతర జట్ల ఆటగాళ్లు కూడా వచ్చారు. సుమారు రెండు వారాల్లోనే వెయ్యిమందికి పైగా పోగయ్యారు. దాని అధికారిక నామం 16వ రాయల్ స్కాట్స్ బెటాలియన్. జనం మాత్రం 'మక్రే బెటాలియన్' అనే పిలిచారు. ఒకే పేట కుర్రాళ్లు, ఒకే కర్మాగారం పనివాళ్లు పక్కపక్కన నిలబడి కవాతు చేశారు. ఒకరికొకరు తోడుంటారని ఆనాడు అందరూ దీనిని మెచ్చుకొన్నారు. అటువంటి బెటాలియన్ ఒక దెబ్బ తింటే ఒకే పేటలోని ఎన్ని ఇళ్లు ఒకేసారి ఏడవవలసి వస్తుందో అప్పటికి ఎవరికీ తోచలేదు.

చేరిన వెంటనే వారిని ఫ్రాన్సుకు పంపలేదు. నెలల తరబడి శిక్షణ సాగింది. పోటీలు కూడా సాగాయి. వారంలో అయిదారు రోజులు కవాతు, గోతులు తవ్వడం, తుపాకి పట్టడం. శనివారం ఆట. రాత్రంతా మూటలు మోసుకొని నడిచి, మరునాడు మైదానంలోకి దిగిన సందర్భాలు ఉన్నాయి. వ్యాధులు రాకుండా పొడిచిన సూదిమందుల వల్ల జ్వరం తగిలి నిలబడలేని స్థితిలో ఆడినవారున్నారు. బొబ్బలెక్కిన పాదాలతో బంతిని తన్నినవారున్నారు. సెల్టిక్ ఆటగాళ్లకు ఈ శిక్షణ లేదు. వారు తమ పనులు చేసుకొంటూ, నిద్రపోయి, ఆటకు వచ్చేవారు. దీనికి వారిని తప్పుపట్టవలసిన పని లేదు. చేరడం ఎవరి ఇష్టం వారిదని చెప్పుకొన్నాం కదా.

టామ్ గ్రేసీ సంగతి మరీ దయనీయం. ఆ వసంతంలో అతనికి రక్త క్యాన్సరు అని వైద్యులు తేల్చారు. అతడు ఆ విషయం జట్టు మేనేజరు జాన్ మెకార్ట్నీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆడనివ్వరని అతని భయం. అలా ఆడుతూనే ఆ సంవత్సరం లీగులో 29 గోళ్లు కొట్టాడు. అందరికంటె ఎక్కువ గోళ్లు చేసిన ఇద్దరిలో అతడొకడు.

అయినా ఫలితం దక్కలేదు. సంవత్సరమంతా దాదాపు మొదటి స్థానంలోనే ఉన్న హార్ట్స్ చివరి వారాల్లో అలసిపోయి ఓడింది. సెల్టిక్‌కు 65 పాయింట్లు, హార్ట్స్‌కు 61. నాలుగు పాయింట్ల తేడాతో కప్పు గ్లాస్గోకు వెళ్లింది. ఆ కప్పు కోసం హార్ట్స్ జట్టు 1958 వరకు ఎదురుచూడవలసి వచ్చింది.

1915 జూన్‌లో బెటాలియన్ ఎడింబరో విడిచి ఇంగ్లండులోని శిక్షణ శిబిరాలకు వెళ్లింది. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఫ్రాన్సులోని లూస్ వద్ద పెద్ద యుద్ధం జరిగింది. ముందే వేరొక పటాలంలో చేరిన స్పీడీ ఆ రోజున మరణించాడు. హార్ట్స్ జట్టులో మొదట నేలకొరిగినవాడు అతడే. అప్పటికి అతనికి 21 ఏళ్లు. అదే రోజున అక్కడికి ఉత్తరాన కొద్ది మైళ్ల దూరంలో భారత సైన్యానికి చెందిన మీరట్ డివిజన్ కూడా జర్మనుల మీదికి నడిచింది. ఆ నేలమీద ఎడింబరో గుమాస్తా, హిమాలయాల గూర్ఖా సిపాయి ఒకే దినాన పడిపోయారు. నెల తిరగకముందే, అక్టోబరు 23న, గ్రేసీ గ్లాస్గో ఆసుపత్రిలో కన్నుమూశాడు.

1916 జనవరిలో మక్రే బెటాలియన్ ఫ్రాన్సు చేరింది. ఆ వేసవిలో సోమ్ నది ప్రాంతంలో జర్మను కందకాలను ఛేదించాలని బ్రిటిష్ సేనాధిపతులు నిర్ణయించారు. ముందుగా ఏడు రోజులపాటు రాత్రింబవళ్లు ఫిరంగులు పేల్చారు. ఆ దెబ్బకు ఎదుట ఒక్క జర్మను కూడా మిగలడని, సైనికులు నడిచివెళ్లి కందకాలు ఆక్రమించవచ్చని సేనాధిపతులు తలచారు. అది పొరపాటు అంచనా. అక్కడి నేల సుద్దరాయి నేల. దానిలో జర్మనులు చాలా లోతుగా గుహల వంటి గదులు తవ్వుకొని దాగి ఉన్నారు. ఎన్నో చోట్ల ముళ్లతీగ కంచెలు కూడా తెగలేదు. ఫిరంగుల మోత ఆగగానే వారు మరతుపాకులతో పైకి వచ్చారు.

జూలై 1, శనివారం. ఆటలు ఆడే రోజే అది. ఉదయం ఏడున్నరకు అధికారులు ఈల ఊదారు. లా బ్వాసెల్ అనే పల్లె పక్కన కందకాల నుండి ముందుగా 15వ రాయల్ స్కాట్స్, దాని వెనుక 16వ బెటాలియన్ పైకి వచ్చాయి. ముందున్నవారు కూడా ఆ పటాలంవారే. నడవవలసిన నేల ఏ చాటూ లేని పల్లం. పక్కనుండి, ఎదుటనుండి మరతుపాకులు కోతకోశాయి. పక్కపక్కన నడుస్తున్నవారు వరుసలు వరుసలుగా కూలిపోయారు. అయినా మిగిలినవారు ఆగలేదు. మక్రే మనుషుల్లో ఒక చిన్న గుంపు ఆ ఉదయాన కాంటల్మేజాన్ అనే గ్రామం వరకు వెళ్లగలిగింది. ఆ రోజు బ్రిటిష్ సైన్యంలో అంత దూరం చొచ్చుకొనిపోయినవారు అరుదు. కాని వెనుక నుండి సాయం రాక వారు అక్కడ నిలువలేకపోయారు.

ఆ ఒక్క రోజున బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. గాయపడినవారితో, జాడ తెలియనివారితో కలిపి నష్టం 57,470. మక్రే బెటాలియన్‌లో చనిపోయినవారే రెండు వందలకు మించారు. హారీ వాటీ, డంకన్ కరీ, ఎర్నెస్ట్ ఎల్లిస్ ముగ్గురూ ఆ ఉదయమే పోయారు. టైన్‌కాసిల్‌లో ఒకే చొక్కా తొడుగుకొని ఆడినవారు ఒకే పొలంలో పడిపోయారు. ఆగస్టులో జేమ్స్ బాయిడ్, మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో జాన్ అలన్ మరణించారు. హార్ట్స్ జట్టు పోగొట్టుకొన్నవారు మొత్తం ఏడుగురు. బతికి తిరిగివచ్చినవారిలో కొందరు విషవాయువు పీల్చి, గుండ్ల ముక్కలు ఒంట్లో మిగిలి, మునుపటిలా ఆడలేకపోయారు. బాబ్ మెర్సర్ అనే ఆటగాడు 1926లో ఆడుతూనే మైదానంలో కుప్పకూలి మరణించాడు.

వాటీ దేహం ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు. కరీ, ఎల్లిస్‌ల సంగతీ అంతే. ఫ్రాన్సులోని తీప్వాల్ గ్రామంలో సమాధి లేని సైనికుల కోసం కట్టిన పెద్ద స్మారకం ఉంది. దానిమీద 72,000 మందికి పైగా పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ ముగ్గురి పేర్లూ అందులో ఉన్నాయి. ఆ కట్టడానికి రూపకల్పన చేసినవాడు ఎడ్విన్ లట్యెన్స్. ఢిల్లీలోని ఇండియా గేటు కూడా ఆయన రూపకల్పనే. దానిమీద కూడా పేర్లున్నాయి, 13,000కు పైగా. ఢిల్లీ వెళ్లినవారు చాలామంది ఆ కమాను కింద ఫోటో తీయించుకొని వస్తారు. దగ్గరగా వెళ్లి పేర్లు చదివేవారు తక్కువ.

1922 ఏప్రిల్ 9న ఎడింబరోలో, టైన్‌కాసిల్‌కు వెళ్లే దారిలో హేమార్కెట్ అనే కూడలిలో, హార్ట్స్ ఆటగాళ్ల జ్ఞాపకార్థం ఒక గడియార స్తంభాన్ని ఆవిష్కరించారు. వేలాదిమంది ఆ కూడలి నిండా, పక్క వీధుల నిండా నిలబడ్డారు. అంతటి బెటాలియన్‌ను లేవదీసిన మక్రే 1928లో మరణించాడు. కాంటల్మేజాన్ గ్రామంలో బెటాలియన్‌కు ఒక గుర్తు నిలపాలని యుద్ధం ముగిసినప్పుడే అనుకొన్నారు. డబ్బు చాలక అది ఆగిపోయింది. 2004 నవంబరులో, ఎనభై అయిదేళ్ల తరువాత, స్కాట్లండు నుండి రాయి తెచ్చి అక్కడ ఆ కట్టడం నిలిపారు.

హేమార్కెట్ గడియారాన్ని 2009లో ట్రాము దారి పనుల కోసం విప్పి దాచారు. 2013లో తిరిగి నిలిపారు. ఏటా నవంబరులో హార్ట్స్ ఆటగాళ్లు, అభిమానులు అక్కడ చేరి పూలదండలు ఉంచుతారు. నలుగురు నడిచే కూడలి అది. టైన్‌కాసిల్‌లో ఆట ఉన్న రోజున జనం ఆ గడియారం పక్కనుండే నడిచివెళతారు.

పదాలు - అర్థాలు

పటాలం : సైనిక దళం
కందకం : సైనికులు దాగి పోరాడడానికి తవ్వే పొడవైన గొయ్యి
మరతుపాకి : ఆగకుండా గుండ్లు కురిపించే తుపాకి
నిర్బంధం : బలవంతం
చొచ్చుకొనిపోవు : లోపలికి దూసుకొని వెళ్లు
స్మారకం : జ్ఞాపకార్థం నిలిపే కట్టడం

ప్రశ్నలు

1. తెల్ల ఈక దేనికి గుర్తు? ఆ గుర్తు ఎక్కడి నుండి వచ్చింది?
2. రగ్బీ ఆటగాళ్లకు, ఫుట్‌బాల్ ఆటగాళ్లకు ఉన్న తేడా ఏమిటి?
3. హార్ట్స్ జట్టు లీగు కప్పు పోగొట్టుకోవడానికి కారణాలు రాయండి.
4. సోమ్ యుద్ధంలో సేనాధిపతుల అంచనా ఎందుకు తప్పింది?
5. 'ఒక సైనికుడి కూతురు' రాసిన ఉత్తరానికి హారీ వాటీ జవాబు రాసి ఉంటే ఎలా ఉండేది? మీ మాటల్లో ఆ ఉత్తరం రాయండి.
6. మీ ఊరిలో గాని, మీ జిల్లాలో గాని యుద్ధంలో మరణించినవారి పేర్లు చెక్కిన రాయి, స్తంభం ఉన్నదేమో పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆ పేర్లను మీ నోటుపుస్తకంలో రాసుకొని తరగతిలో చదవండి.